పేరునకు హద్దు: గణకయంత్ర భాషల చరిత్రలో నొక చిక్కు



దస్తావేజులు వ్రాయువారియొద్ద నమూనాపత్రము లుండుట మీరెల్లరు నెరిగినదే. క్రయపత్రమున కొకటి, తనఖాకు వేరొకటి, భాగపంపకములకు మరియొకటి. లేఖరి నమూనాను ముందిడుకొని అందలి వాక్యములను క్రొత్త పత్రములోని కెత్తి వ్రాయును. అందు "సదరు భూమి" యను మాట యున్నదనుకొందము. ఆ నమూనా మొట్టమొదట పుట్టిననాడు సదరు భూమి యనగా వేరొక గ్రామములోని వేరొకరి పొలము. నేడీ పత్రమున నది యిప్పుడు విక్రయింపబడుచున్న పొలము. మాట మారలేదు, అర్థము మారినది. అట్లు మారుటయే నమూనా ప్రయోజనము. కాని యదే నమూనాలో "మా తండ్రిగారి వీలునామా ననుసరించి" యను వాక్యము పొరబాటున మిగిలిపోయినచో నేమగును? ఎవరి తండ్రి? ఏ వీలునామా? పత్రము చూచుటకు నిర్దుష్టముగనే యుండును. ఇరువదియేండ్లకు న్యాయస్థానమున దాని దోషము బయటపడును.

ఒకచోట పుట్టిన వాక్యము వేరొకచోట నాటబడినపుడు, అందలి పేరులు పుట్టినింటి యర్థమును నిలుపుకొనవలెనా, చేరినయింటి యర్థమును గైకొనవలెనా? గణకయంత్రములకు భాషలు కల్పించిన పండితులను ఈ ప్రశ్న అరువదియేండ్లకు పైగా వెన్నాడినది. మీ మనుమలలో కంప్యూటరు కొలువులు చేయువారు నేటికిని దీనితో పెనగులాడుచుందురు. దీని చరిత్రమును సంగ్రహముగ విన్నవింతును.

గణకయంత్రమునకు సహజముగ తెలిసినవి అంకెల రూపమున నున్న ఆదేశములు మాత్రమే. వానిని మనుష్యుడు నేరుగా వ్రాయుట మిక్కిలి ప్రయాస. కావున మనుష్యునకు సులభమగు భాషలో వ్రాసి, దానిని యంత్రభాషలోనికి మార్చు సాధనము నొకదానిని కల్పించిరి. దానికి కంపైలరని పేరు. 1957లో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థయందు జాన్ బాకస్ నాయకత్వమున వెలువడిన ఫోర్ట్రాన్ భాషయొక్క కంపైలరు ఇట్టివానిలో మిగుల ప్రసిద్ధి కెక్కినది. కంపైలరును ఒక అనువాదకుడని తలపవచ్చును. కాని మనుష్యుడైన అనువాదకునకు సందేహము కలిగిన వ్రాసినవానిని పిలిచి యడుగును. కంపైలరున కట్టి సందేహము పుట్టదు. తనకు విధించిన నియమము చొప్పున నడచును. నియమము చెప్పబడని చోట, దానిని నిర్మించినవాని చేతికి ఆనాడు వచ్చినదే నియమమై కూర్చుండును. అట్టి తప్పు కేకలు వేయదు. యంత్రము నిశ్చింతగ తప్పులెక్క చెప్పును. చూచువారు దానిని నమ్ముదురు.

ఇక పేరుల సంగతి. ప్రోగ్రాము వ్రాయువాడు తన లెక్కలోని రాసుల కన్నిటికి పేరులు పెట్టుకొనును. "మొత్తము" అనియో, "వరుస" అనియో పెట్టును. వేలకొలది పంక్తుల ప్రోగ్రామును పలువురు వ్రాసినపుడు ఒకే పేరు పలుచోట్ల వచ్చుట తప్పదు. అందుచేత ప్రతిపేరునకు ఒక హద్దు కావలెను. ఈ హద్దును పరిధి యందము.

ఈ విషయమున గొప్పనియమము చేసినవారు 1960 జనవరిలో పారిస్ నగరమున సమావేశమైన 13 మంది విద్వాంసులు. అమెరికా నుండి కొందరు, ఐరోపా దేశముల నుండి కొందరు వచ్చి, ఆల్గాల్ 60 అను భాషను నిర్ణయించిరి. డెన్మార్కు దేశస్థుడగు పీటర్ నౌర్ దాని నివేదికకు సంపాదకుడు. అందు ప్రోగ్రామును ఖండములుగ విభజించిరి. ఖండము లోపల ఖండము, దాని లోపల మరియొక ఖండము ఉండవచ్చును. లోపలి ఖండమునం దొక పేరు క్రొత్తగ ప్రకటింపబడిన, అచ్చట దానిదే చెల్లుబడి. వెలుపలి పేరు ఆ మేర కప్పబడియుండును. లోపల ప్రకటింపబడని పేరునకు వెలుపలి ఖండమునందు, అచ్చటను లేనిచో దానికి వెలుపలను అర్థము వెదకవలెను. ఇంటిలో "పెద్దయ్య" యనిన ఆ యింటి పెద్దయ్యయే. ఇంట లేనిచో వీథివారెరిగిన పెద్దయ్య.

మన శాస్త్రములం దీ పరిధివిచారము క్రొత్తది కాదు. పాణినీయ వ్యాకరణమున అధికారమను పద్ధతి కలదు. ఒక పదము నొకచోట నుపదేశించి, ఇంతటి నుండి యింతవరకు గల సూత్రము లన్నిటను అది యన్వయించునని గ్రహించుట దాని లక్షణము. ప్రత్యయాధికారము మూడవ యధ్యాయము మొదట నారంభమై అయిదవ యధ్యాయము తుదివరకు నడచును. దాని లోపలనే నాలుగవ యధ్యాయమునం దారంభమగు తద్ధితాధికార మొకటి కలదు. పరిధిలో పరిధి యనుట కింతకంటె నిదర్శన మేల? అధికారమునకు గుర్తుగ పాణిని స్వరితమను స్వరము నుద్దేశించెను. కాలక్రమమున సూత్రపాఠమునం దా స్వరములు లోపించుటచే, ఏ యధికార మెంతవరకో తెలిసికొనుటకు వ్యాఖ్యాతల సంప్రదాయమే శరణ్యమైనది. హద్దు చెరిగిపోయిన నెంత చిక్కో మన వైయాకరణుల కనుభవముననే తెలియును. పాణిని గణకయంత్రముల నెరిగియుండెనని యెవ్వరు ననరాదు. కాని ఆల్గాల్ నివేదికలో వ్యాకరణము వ్రాసిన పద్ధతికిని పాణిని పద్ధతికిని పోలిక నెంచి, ఆ పద్ధతిని పాణిని–బాకస్ రూపమని పిలువదగునని పీటర్ ఇంగర్‌మన్ అను నాతడు 1967లో ఒక అమెరికా శాస్త్రపత్రికకు వ్రాసిన లేఖలో సూచించెను.

ఆల్గాల్ నివేదికలో మన దస్తావేజు ప్రశ్నకు సమాధానము కూడ కలదు. ఒక కార్యవిధానమునకు పేరిడి ఒకచోట వ్రాసి, వలసినచోట పిలిచినపుడు, ఆ విధానపు పాఠమును పిలిచినచోట ఎత్తి వ్రాసినట్లే భావింపవలెనని చెప్పిరి. అట్లు వ్రాసినపుడు ఆ పాఠములోని పేరులకును అచ్చటి పేరులకును సంఘర్షణ కలిగిన, ఒకదానిని క్రమముగ మార్చి సంఘర్షణ నివారింపవలెనని కూడ చెప్పిరి. అనగా పుట్టినింటి యర్థము చెడరాదని తాత్పర్యము. చెప్పుట సులభము, యంత్రముచేత చేయించుట కష్టము.

ఆ కష్ట మెంతటిదో డొనాల్డ్ క్నూత్ అను విద్వాంసుడు 1964లో చూపెను. మనలో తాతపేరు మనుమనికి పెట్టుట యాచారము. వెంకయ్య కుమారుడు సుబ్బయ్య, సుబ్బయ్య కుమారుడు వెంకయ్య, అతని కుమారుడు మరల సుబ్బయ్య. అట్టి వంశమున "వెంకయ్య బాకీ" యని వ్రాసియున్న కాగితము దొరకిన ఏ తరము వెంకయ్యది? ప్రోగ్రాములలోను ఒక విధానము తన్ను తానే మరల పిలుచుకొనవచ్చును. పిలిచినప్పుడెల్ల క్రొత్తతరము పుట్టును. ప్రతితరమునకు అవే పేరులు. లోపలనున్న చిన్నవిధానము తాను ఏ తరమున పుట్టెనో ఆ తరపు పేరునే గుర్తుంచుకొనవలెను. క్నూత్ కొద్దిపంక్తులలో నిట్టి ప్రోగ్రాము నొకదానిని వ్రాసి, కంపైలరులలో పెద్దవా రెవ్వరో పసివా రెవ్వరో దీనిచే తేలునని ప్రకటించెను. మొదటిసంఖ్య 10 అయినపుడు ఫలము −121 కావచ్చునని యాతడు ఊహించెను. నియమము తప్పక పాటించిన కంపైలరులు −67 అని చెప్పినవి, అదియే సరియైనది. ఆ శాస్త్రమున అగ్రగణ్యుడగు పండితుడే తరముల లెక్కలో దారితప్పెననగా, పేరులను కంటితో చూచి తీర్పుచెప్పుట యెంత దుస్సాధ్యమో గ్రహింపుడు.

ఇంతకుముందే అమెరికాలో మాసచూసెట్స్ శాస్త్రసాంకేతిక విద్యాలయమున నీ చిక్కు వేరొక వేషమున తలయెత్తినది. పారిస్ సభలోని 13 మందిలో నొకడగు జాన్ మెకార్తీ 1958లో అచ్చట లిస్ప్ అను భాషకు పూనుకొనెను. స్టీవ్ రస్సెల్ అను యువకుడు దానికి వ్యాఖ్యాతవంటి ప్రోగ్రామును వ్రాసి యంత్రము నెక్కించెను. అందు పేరుల యర్థములను ఒక జాబితాలో నుంచిరి. క్రొత్తపేరు వచ్చినప్పుడెల్ల దానిని జాబితా మొదట చేర్చుదురు. అర్థము వలసినపుడు మొదటినుండి వెదకి, ముందు తగిలినదానిని గైకొందురు. ఇది సులువైన పద్ధతి. చాలవరకు సరియైన ఫలమునే యిచ్చెడిది.

అచ్చటి విద్యార్థులలో జేమ్స్ స్లేగిల్ అనునాత డొకడు. యంత్రముచేత సమాకలన గణితము చేయించి తరువాత ఖ్యాతి గాంచినవాడు. ఆతడొక విధానమును వ్రాసి, అందు మరియొక చిన్నవిధానమును చేతికిచ్చి పంపునట్లు ఏర్పరచెను. ఫలము తప్పుగ వచ్చినది. కారణ మిది: చిన్నవిధానములోని పేరు పుట్టినచోట నొకదానిని సూచించుచున్నది; అది పనిచేయుచోటికి చేరునప్పటికి అదే పేరుగల వేరొకటి జాబితా మొదట చేరియున్నది. యజమాని సేవకుని పిలిచి "ఈ సంచి నయ్యగారి గదిలో పెట్టుము" అని పొరుగింటికి పంపగా, వాడు పొరుగింటి యయ్యగారి గదిలో పెట్టివచ్చినట్లయినది. సేవకుడు అవిధేయుడు కాడు. చెప్పినమాట చెప్పినట్లే చేసినాడు.

స్లేగిల్ ఫిర్యాదు చేసెను. దానిని తాను కేవలమొక చిన్నదోషముగ నెంచి, రస్సెల్ త్వరలో సవరించునని ధైర్యము చెప్పితినని మెకార్తీయే 1978లో తన భాషాచరిత్రమును చెప్పుచు నొప్పుకొనెను. రస్సెల్ సవరించిన మాట నిజమే. చిన్నవిధానమును పంపునపుడు దానితోకూడ పుట్టినచోటి జాబితాను మూటకట్టి పంపు సాధన మొకటి కల్పించెను. కాని యది యడిగినవారికి మాత్రమే లభించెడిది, అడుగనివారికి పాతపద్ధతియే. నియమము మారలేదు, అతుకు పడినది.

ఆ యతుకు ఫల మెట్లుండెననగా, లిస్ప్ భాషలో వ్రాసిన యొకే ప్రోగ్రామును వ్యాఖ్యాత చదివిన నొక యర్థము, కంపైలరు చదివిన వేరొక యర్థము వచ్చు సందర్భములు కలిగెను. వ్యాఖ్యాత చేరినయింటి యర్థమును గైకొనును. కంపైలరు, ప్రత్యేకముగ చెప్పకున్న, ఆ పేరును లోపలిదానినిగనే యెంచును. ఇట్టిచోట సత్యమేదియని చెప్పుటకు ఆధారము పాఠమునందు లేదు, చదివిన యంత్రమునం దున్నది.

ఇంగ్లండున పీటర్ లాండిన్ 1964లో ఈ మూటకు స్పష్టమైన శాస్త్రరూప మొసగి, క్లోజర్ అను పేరిడెను. 1975లో జెరాల్డ్ సస్‌మన్, గై స్టీల్ అను నిరువురు స్కీమ్ అను క్రొత్త లిస్ప్‌ను వెలయించి, అడుగనక్కరలేకయే ప్రతివిధానము తన పుట్టినింటి మూటతోనే నడచునట్లు శాసించిరి. 1984లో కామన్ లిస్ప్ కూడ నీ నియమమునే సామాన్యనియమముగ స్వీకరించినది. ఒక విద్యార్థి ఫిర్యాదు ధర్మసూత్రమగుటకు పాతికేండ్లు పట్టినదన్నమాట.

అంతటితో కథ ముగియలేదు. నడచు విధానముల సంగతి తేలినది కాని, నమూనాల సంగతి నిలిచిపోయినది. మాక్రో యను పేర వాక్యములను ఎత్తి నాటు సాధనములు పెక్కుభాషలలో కలవు. నమూనాలోని పేరు నాటినచోటి పేరుతో కలిసిపోయిన, తెలియకయే తప్పుజరుగును. 1986లో కోల్‌బెకర్, ఫ్రీడ్మన్, ఫెలైసన్, డూబా అను నలువురు దీనికి పరిష్కారము కనుగొని, శుచి యను నర్థముగల పేరిడిరి. నమూనాలోని పేరులు మడికట్టుకొన్నట్లు నాటినచోటి పేరుల నంటకుండ నుండవలెనని వారి తాత్పర్యము.

కాని మడి యన్నిట పనికివచ్చునా? "సదరు భూమి" యను మాట మడికట్టుకొని కూర్చున్న క్రయపత్రమెట్లు సాగును? అందుచే దీనికి ఎదురుదారియు నొకటి నడచుచు వచ్చినది. మాసచూసెట్స్ రాష్ట్రములోని సోమర్‌విల్ పట్టణమున 1973లో స్టీవ్ హెరెల్ అనునాతడు ఐస్‌క్రీము దుకాణము తెరచి, అడిగినవారికి అందు పప్పులు, మిఠాయి ముక్కలు కలిపి యిచ్చెడివాడు. ఆ కలుపుడు వస్తువులను మిక్సిన్‌లనిరి. ఆ ప్రాంతముననే లిస్ప్ యంత్రములు నిర్మించుచుండినవారు, పలువస్తువులకు సమానముగ కలుపదగు ప్రోగ్రాము భాగముల కా పేరే పెట్టుకొనిరి. వారి పద్ధతికి పెట్టిన పేరును రుచులు అను నర్థము గలదే.

2001లో వాల్టర్ బ్రైట్ వెలయించిన డి అను భాషలో ఈ మిక్సిన్ నమూనాతో కలిసినది. దానిని టెంప్లేటు మిక్సిన్ అందురు. దాని నియమము స్పష్టముగ వ్రాయబడినది: అందలి పేరులకు నమూనా వ్రాసినచోట కాక, నాటినచోట అర్థము వెదకవలెను. ఇది మన లేఖరి పద్ధతియే. అయినను నాటిన నమూనాకు తనదైన లోపలి పరిధి యొకటి యుండును. వెలుపల ఒక పేరునకు 4 అను విలువ యున్నదనుకొందము. నాటిన నమూనాలో అదే పేరునకు 5 కలదు. వెలుపలివా డాపేరు నడిగిన 4 అని వచ్చును. నమూనా లోపలి విధానము అదే పేరు నడిగిన 5 అని చెప్పును. రెండును నియమబద్ధములే. రెండు వేరువేరు నమూనాలు ఒకేచోట ఒకే పేరును తెచ్చిన, ఆ పేరు నడిగినంతనే కంపైలరు నిలిచి, ఇది యెవరిదో తేల్చుమని చెప్పును. మౌనముగ తప్పుచేయుటకంటె అడిగి నిలుచుట యెంతో మేలు.

ఇంత నియమమున్నను కంపైలరున తప్పులు మిగిలియున్నవి. అవి పుట్టుచోటు పరిధిలో పరిధి కలియు నతుకునందే. డి భాషలో నమూనాల కవే పరిధులు ఎట్లు చిక్కుపడునో చెప్పుట కొక్క ఉదాహరణము చాలును. ఒక నమూనా ఒక వస్తువునకు చెందిన భాగముగ పుట్టినది. దానికి మరియొక విధానము లోపల పుట్టిన చిన్నవిధానము నందిచ్చిరి. ఇప్పుడు పుట్టిన వస్తువుయొక్క మూటయు కావలెను, చిన్నవిధానము పుట్టినచోటి మూటయు కావలెను. కంపైలరు ఒక్క మూటకు మాత్రమే చోటుంచినది. ధర్మశాస్త్రము చదివినవారికి ద్వ్యాముష్యాయణుడు జ్ఞప్తికి వచ్చును. సామాన్యముగ దత్తపుత్రుడు దత్తత గొన్నవారి గోత్రమునే చెప్పుకొనును. ద్వ్యాముష్యాయణుడు మాత్రము ఇరువురు తండ్రులకు కొడుకు. రెండు వంశములకు పిండము పెట్టవలసినవాడు. ఈ దోషము 2011లో నమోదైనది. ప్రధాన కంపైలరున 2019లో రెండు మూటలు మోయుటకు వీలు కల్పించిరి. ఆ భాషకే గల తక్కిన కంపైలరుల కది యొదుగకపోగా, కొంతకాలమునకు ఆ సదుపాయమును విడనాడవలసినదిగ ప్రకటించిరి. రెండు గోత్రముల కొడుకును ఒక్క గోత్రము వ్రాయుటకే గీచిన పట్టికలో నెక్కించుట సులభము కాదు.

ఈ చరిత్రమున నాకు ముఖ్యముగ కనుపించున దొకటి. మెకార్తీ మందబుద్ధి కాడు. పేరుల హద్దులను నిర్ణయించిన పారిస్ సభలో తానును సభ్యుడే. అయినను తన యింటనే ఆ ప్రశ్న తలుపు తట్టినపుడు చేతితప్పని తలచెను. చేతితప్పునకు సవరణ చాలును. చెప్పబడని నియమమున కట్లు కాదు. దానిని ప్రకటింపవలెను, అందరు నొకేరీతి పాటింపవలెను, హద్దు కనబడునట్లుండవలెను. పొలముగట్టు తగవులో పెద్దమనుష్యులు మొదట నడుగవలసినది ఎవడు దున్నినాడని కాదు, హద్దురాయి యెక్కడ నున్నదని. హద్దురాయియే లేనిచో దున్నినవానిని దండించి యింటికి పంపుటవలన వచ్చు సంవత్సరమున అదే తగవు మరల వచ్చును. స్లేగిల్ తెచ్చినది దున్నిన తగవువలె కనబడిన హద్దురాయి తగవు. అతని ఫిర్యాదును విన్నవా రదియని గ్రహించుటకు పాతికేండ్లు పట్టినది.

మీ మనుమడు సెలవులకు వచ్చి, "తాతా, నేను వ్రాసినదంతయు సరిగనే యున్నది, అయినను యంత్రము తప్పు చెప్పుచున్నది" అని వాపోయిన, నవ్వక వినుడు. ఒక మాట యడిగి చూడుడు: "నాయనా, నీవు పలికిన పేరు ఏ యింటిది?" ఆ ప్రశ్న వానికి పనికివచ్చును.

సెలవు.